పెరటి సరుకుతో పంచకల్యాణి

10 అక్టోబరు 1951, బుధవారం. విజయదశమి.

ఉదయం 9-20. గుర్రం వచ్చింది!

జమీందారీలు రద్దయ్యాక ఒక దివాణంలో గుర్రపుశాల ఖాళీ చేస్తున్నారని తెలిసి నిన్ననే వెళ్లి కొన్నాను. ఆడగుర్రం. ఎర్రటి ఒళ్లు, నుదుట తెల్లమచ్చ, మూడు కాళ్లు మోకాళ్ల దాకా తెలుపు. నాలుగోది కూడా తెల్లగా ఉంటే పంచకల్యాణి అయ్యేది, ధర మూడింతలయ్యేది. ఆ కాలికి సున్నం వేస్తే సరి. పేరు మాత్రం కల్యాణి అని పెట్టేశాను.

మా తాతగారు గుర్రం మీద అంతర్వేది తీర్థానికి వెళ్లేవారు. ఆ తరవాత మా ఇంట్లో గుర్రం లేదు, ఆ మాట మాత్రం రోజూ ఉంది. వచ్చే మాఘంలో ఈ బుచ్చిరాజు కూడా గుర్రం మీదే వెళతాడు!

11-05. బావగారు వెంకటరాజు గారు వచ్చారు. మా ఆవిడకి అన్నగారు. గుర్రం చుట్టూ రెండుసార్లు తిరిగారు.

"కొనడం తేలికేనండి బావగారూ, మేపడమే కష్టం. ఉలవలు, జీను, నాడాలు, చూసుకోడానికో మనిషి. నాలుగెకరాల కొబ్బరితోట నమిలేస్తుందండి ఇది."

"దమ్మిడీ ఖర్చు లేకుండా మేపుతానండి" అన్నాను. అనేశాక చూస్తే సావిడి నిండా జనం ఉన్నారు. వెనక్కి తీసుకోడానికి లేకపోయింది.

పందెం: అంతర్వేది తీర్థం దాకా గుర్రం కోసం బజార్లో ఏదీ కొనకూడదు. కొంటే, గుర్రాన్ని రాజోలులో జట్కా తోలే నూకరాజుకి ఇచ్చెయ్యాలి. బావగారు ప్రతి ఆదివారం తనిఖీకి వస్తారు.

మధ్యాహ్నం 3-00. నియమాలు రాసుకున్నాను.

దాణా: ఉలవలు వద్దు. గానుగాడించగా మిగిలిన కొబ్బరి పిండి, తౌడు, గడ్డి.
మాలీసు: ఒలిచిన కొబ్బరి డొక్కతో.
జీను: గోనెసంచి, లోపల కొబ్బరి పీచు.
కళ్లెం: కొబ్బరి తాడు.
నాడాలు: మన నేల మెత్తన. అక్కర్లేదు.
దోమలకి: పిడకల పొగ, వేపాకు.

మా ఆవిడ సత్యనారాయణమ్మకి చదివి వినిపించాను. మాది ఘోషా ఇల్లు, ఆడవాళ్లు సావిడిలోకి రారు. తలుపు వెనక నిలబడే అంతా విని "ఆయ్, అలాగేనండి" అంది.

పాపం, కుట్టు మిషను కొనుక్కుంటానని మూడేళ్ల నుంచి నెయ్యి అమ్మిన డబ్బు ముంతలో వేస్తోంది. ఇంకా కొనలేదు. పొదుపు ఎలా చెయ్యాలో ఇకనైనా నన్ను చూసి నేర్చుకుంటుంది.

11 అక్టోబరు, గురువారం.

5-30. కొబ్బరి పిండి పెట్టాను. వాసన చూసింది. నా మొహం చూసింది. తినలేదు.

6-15. కొత్త చోటు కదా.

8-00. తింటోంది! పిండి కాదు, పాక చూరు.

8-10. ఫరవాలేదు. కొబ్బరాకు చూరే. పెరటి సరుకే.

సాయంత్రం 5-40. పడమటి వైపు చూరు లేదు. వర్షం మొదలైంది.

12 అక్టోబరు, శుక్రవారం.

గుర్రాన్ని చూడ్డానికి పొద్దున్నుంచీ పదకొండుమంది వచ్చారు. ముక్తేశ్వరం నుంచి కూడా ఒకరు, నాకు వరసకి మావయ్య అవుతారట. గుమ్మంలోకొచ్చిన మనిషిని భోజనం చెయ్యమనకుండా పంపడం మా ఇంట నాలుగు తరాల్లో లేదు. ఆయన పాపం వద్దువద్దంటూనే కూర్చున్నారు.

కోళ్లు రెండు. బియ్యం మూడు కుంచాలు. గుర్రానికి మాత్రం కానీ ఖర్చు కాలేదు!

14 అక్టోబరు, ఆదివారం.

బావగారి మొదటి తనిఖీ. గుర్రాన్ని ఐదు నిమిషాలు చూశారు. కోడిపలావు, కొర్రమీను పులుసు గంటన్నరసేపు చూశారు.

"కాస్త డొక్కలు కనపడుతున్నాయండి" అన్నారు చెయ్యి కడుక్కుంటూ.

గుర్రం సంగతే. నిజమే, కనపడుతున్నాయి. పిండి ఇంకా అలవాటు కాలేదు.

18 అక్టోబరు, గురువారం.

6-00. అద్భుతం! కల్యాణి నిగనిగలాడుతోంది. మెడ నిండింది. నేను వెళ్లగానే సకిలించింది. కొబ్బరి పిండి తొట్టిలో ఉన్నది ఉన్నట్టే ఉంది. అంటే, కొంచెం తిన్నా చాలునన్నమాట. అంత బలం ఉంది అందులో!

10-00. ఈ సంగతి నాతోనే పోకూడదు. పుస్తకం మొదలుపెట్టాను. పేరు: "పెరటి సరుకుతో అశ్వపోషణ". మొదటి ప్రకరణం: ఉలవలు అనే దురలవాటు.

మధ్యాహ్నం 1-00. ఉలవచారు దివ్యంగా ఉంది. ఈ వారంలో నాలుగోసారి. వెన్న వేసుకుని మూడు సార్లు కలుపుకున్నాను. మిషను డబ్బు ఎంతవరకు వచ్చిందని మా ఆవిడని అడిగాను.

"ఇంకా నిండలేదండి" అంది.

మనిషికి పట్టుదల ఉండాలి.

21 అక్టోబరు, ఆదివారం.

7-00. తొలి స్వారీ. ఊరంతా గట్టు మీద నిలబడింది.

7-04. కళ్లెం కొబ్బరి తాడని కల్యాణికి తెలిసిపోయింది. నమిలేసింది.

7-06. పీచు జీను ఒక పక్కకి జారింది. నేనూ అదే పక్కకి.

7-07. కాలవ.

ఇద్దరం క్షేమం. నాలుగో కాలి సున్నం కరిగిపోయింది. బావగారు గట్టు మీద నుంచి "పంచలో ఒకటి తగ్గిందండోయ్" అన్నారు. అందరూ నవ్వారు. ఆ తరవాత అందరూ మా ఇంట్లోనే భోంచేశారు.

25 అక్టోబరు, గురువారం.

వచ్చినవాళ్లు తిని ఊరికే పోవడం లేదు, సలహా కూడా చెప్పి పోతున్నారు. పెద్దవాళ్లు చెబితే కాదనకూడదు. ఒకరు పసుపు పట్టించమన్నారు, పట్టించాను. ఇంకొకరు దాని మీద కానుగ నూనె రాయమన్నారు, రాశాను. ముక్తేశ్వరం మావయ్య గారు మళ్లీ వచ్చి ఒక బుడ్డి సారా తాగించమన్నారు. మద్యనిషేధం వచ్చి మూడేళ్లయిందండి అన్నాను. అయితే కొబ్బరినీళ్లు పులియబెట్టి పట్టమన్నారు. పట్టాను.

సాయంత్రానికి గుర్రం పెళ్లికూతురులా పచ్చగా ఉంది. నాకేసి వీపు తిప్పి నిలబడింది.

30 అక్టోబరు, మంగళవారం. దీపావళి.

సాయంత్రం 6-30. ఎవరో సీమటపాకాయ పేల్చారు. కల్యాణి గుంజ పీక్కుని పోయింది.

7-45. నూకరాజు పట్టుకొచ్చి అప్పగించాడు. తిన్నగా రాజోలు జట్కాల దగ్గరికి పోయి నిలబడిందట.

"రాజుగారండీ, ఉలవలు బాగా పెడతన్నారండి. ఒంటిమీద ఆ మెరుపు ఊరికే రాదండి."

"ఉలవలా? గింజ కూడా పెట్టలేదు. అంతా కొబ్బరి పిండి మహిమ."

నూకరాజు వంగి, పాకలో గుర్రం వేసిన లద్దెని పుల్లతో కదిపి చూశాడు. నన్ను చూశాడు. "ఆయ్, మీరు చెప్పేక కాదంటానాండి" అని వెళ్లిపోయాడు.

ఇరవై ఏళ్లు జట్కా తోలినంత మాత్రాన గుర్రాల సంగతి తెలియాలని లేదు.

4 నవంబరు, ఆదివారం.

నియమాలకి కొన్ని వివరణలు అవసరమయ్యాయి.

అరువు తెచ్చుకోవడం కొనడం కాదు. (తోలు జీను, ఇనప కళ్లెం అరువు తెచ్చాను. ఇచ్చినవాళ్లకి రెండు వందల కాయలు పంపాను. అది మర్యాద, ధర కాదు.)

మందు దాణా కాదు. (ఇంగువ, వాము.)

చూరు గుర్రం కాదు. (పాక మళ్లీ నేయించాను.)

కార్తీకమాసం వచ్చింది కనక కోళ్లు బతికిపోయాయి. జనం మాత్రం తగ్గలేదు.

8 నవంబరు, గురువారం.

మా ఆవిడ అప్పనపల్లి వెళ్లింది. వాళ్ల అక్కగారి కోడలికి పురుడు. పది రోజులు. వంటకి మా మేనత్తగారు వచ్చారు.

బండి ఎక్కేముందు మా ఆవిడ అంది: "కల్యాణి జాగ్రత్తండి. చెయ్యాల్సిందంతా సలోమికి చెప్పేను. మీరేమీ పట్టించుకోకండి."

నా గుర్రాన్ని నన్ను పట్టించుకోవద్దంటుంది! సలోమి మా పెరట్లో పనిచేసే మనిషి. పేడ తీస్తుంది, గడ్డి వేస్తుంది. శాస్త్రం దానికేం తెలుసు?

11 నవంబరు, ఆదివారం.

మూడు రోజులుగా ముసురు. కూరల్లేవు. పద్నాలుగు మంది విస్తళ్ల ముందు కూర్చోబోతున్నారు. పరువు పోయేలా ఉంది.

10-30. కొట్టుగది తీశాను. ఆవకాయ జాడీల వెనక, చాప కింద, ఉలవల బస్తా! మా ఆవిడ ముందుచూపే ముందుచూపు. ఇలాంటి రోజు వస్తుందని దాచి ఉంచింది.

సలోమి పరుగెత్తుకొచ్చింది. "అయ్యగారండీ, ఆ ఉలవలు అమ్మగారు..."

"తెలుసులే. పురుగు పట్టకముందే వాడాలి" అన్నాను. తాళం చెవి మొల్లో దోపుకున్నాను.

ఉడికించిన నీళ్లతో చారు. ఉడికిన గింజలకి తాలింపు వేసి సాయంత్రానికి గుగ్గిళ్లు. ఏదీ వృథా కాలేదు. పొదుపంటే అది!

బావగారు ఉలవచారు మూడుసార్లు వడ్డించుకున్నారు. "ఇలాంటి చారు మా ఇంట్లో కూడా లేదండి" అన్నారు. తనిఖీ మరిచిపోయారు.

14 నవంబరు, బుధవారం.

ఉలవచారు సంగతి ఊళ్లోకి పాకింది. ఇవాళ పంతొమ్మిదిమంది. వాళ్లలో ఏడుగురు గుర్రం వైపు కూడా చూడలేదు.

కల్యాణి కొంచెం నీరసంగా ఉంది. వాతావరణం. పిండి రెట్టింపు చేశాను.

సలోమి మళ్లీ ఏదో చెప్పబోయింది. అత్తయ్యగారు విస్తళ్లు చాలలేదని కేకేశారు.

16 నవంబరు, శుక్రవారం.

బస్తా అడుగుకి వచ్చింది. కల్యాణి డొక్కలు లెక్కపెట్టొచ్చు. పిండి రెట్టింపు మీద రెట్టింపు చేశాను. ముట్టడం లేదు. చూరు కూడా తినడం లేదు.

పుస్తకం పదకొండో ప్రకరణం దగ్గర ఆగింది.

17 నవంబరు, శనివారం.

5-50. కల్యాణి పడుకుంది. లేవడం లేదు.

6-30. లేపాను. మోకాళ్ల మీద లేచి మళ్లీ పడిపోయింది. తల నా ఒళ్లో పెట్టింది. పసుపు పట్టించినా, కాలవలో పడేసినా, పులిసిన నీళ్లు తాగించినా, ఇంకా నా ఒళ్లోనే పెట్టింది. నాకు ఏడుపొచ్చింది. రాయడానికి సిగ్గేమీ లేదు.

8-00. నూకరాజు వచ్చాడు. కల్యాణి నోరు తెరిచి చూశాడు, కడుపు నొక్కి చూశాడు.

"ఉలవలు ఎందుకు మానేసేరండి?"

"పెడితే కదా మానడానికి!"

అప్పుడు సలోమి పాక గుంజ పట్టుకుని గట్టిగా ఏడ్చేసింది. "అమ్మగారు పెట్టించేవోరండి. రోజూ తెల్లారకముందే ఉడకేసి నా చేత పంపేవోరండి. మిషను ముంతలో డబ్బులు తీసి కొనేవోరండి. అయ్యగారికి చెప్పొద్దు, ఆయన ముచ్చట పాడవుద్దన్నారండి. వెళ్తా వెళ్తా పది రోజులకీ కొట్లో పెట్టేరండి. మీరేమో..."

మిగతాది చెప్పనక్కర్లేదు. గుర్రం దాణా ఊరందరికీ తాలింపు వేసి పెట్టాను. నెలరోజులుగా ఆ ఉడికిన నీళ్లే ఉలవచారని మూడేసిసార్లు కలుపుకు తిన్నాను. ఉలవలెక్కడివని ఒక్కరోజు అడగలేదు.

9-15. రాజోలు వెళ్లాను. బజారు నడిమధ్య, అందరూ చూస్తుండగా అరబస్తా ఉలవలు కొన్నాను. పందెం పోయింది. నూకరాజు జట్కాలోనే తెచ్చాను. రేపు కల్యాణి వాడిదే అవుతుంది. వాడి దగ్గరైతే బతుకుతుందిలే అనుకున్నాను.

సాయంత్రం 4-30. పల్చటి ఉలవ గంజి గుక్కెడు తాగింది.

18 నవంబరు, ఆదివారం.

10-00. గుర్రం పడిపోయిందని విని పరామర్శకి ఇరవైమంది వచ్చారు. బావగారు వచ్చారు. అత్తయ్యగారు లోపల నుంచి కబురు పంపారు: కొత్త ఉలవలు వచ్చాయిగా, చారు కాయమంటారా అని.

వద్దనడం మా ఇంట ఎవరికీ చేతకాదు. ఇరవైమందీ అప్పటికే కాళ్లు కడుక్కుంటున్నారు.

10-20. అప్పనపల్లి నుంచి బండి వచ్చింది. సలోమి ఎదురెళ్లి చెప్పేసినట్టుంది. మా ఆవిడ పెరటి దారిన వెళ్లలేదు. తిన్నగా సావిడి ముందుకి, ఇరవైమంది మగవాళ్ల మధ్యకి, ముసుగు సర్దుకుంటూ నడిచి వచ్చింది. పెళ్లయి పదిహేనేళ్లయింది, ఆ చోట ఆవిడ నిలబడగా నేనెప్పుడూ చూడలేదు. పాకలోకి వెళ్లి కల్యాణి మెడ నిమిరింది. ఇటు తిరిగింది.

"ఈ పూట మా ఇంట భోజనాల్లేవండి. ఉన్న ఉలవలు గుర్రానికే చాలవు. అందరూ దయచెయ్యండి."

కాళ్లు కడుక్కుంటున్నవాళ్లు చెంబులు కింద పెట్టేశారు.

బావగారు ఒక అడుగు ముందుకొచ్చారు. "అది కాదమ్మా, పందెం ప్రకారం గుర్రం నూకరాజుకి..."

"పందెం వేసింది ఆయనండి, అన్నయ్యగారూ. మేపింది నేను. నా గుర్రాన్ని పందెం కాయడానికి ఆయనకేం హక్కుందండి? పోయినాదివారం మీరు చారు మూడుసార్లు వడ్డించుకున్నారని సలోమి చెప్పింది. అవి దీని దాణా ఉలవలండి."

బావగారు చెప్పులు వేసుకున్నారు. కుడిది ఎడమకాలికి వేసుకున్నారు. అలాగే వెళ్లిపోయారు. నాలుగు తరాల్లో మొదటిసారి మా గుమ్మంలోంచి ఇరవై ఒక్కమంది అన్నం తినకుండా వెళ్లారు. ఇల్లు కూలిపోలేదు.

నాతో ఆవిడ ఏమీ అనలేదు. ఏదైనా అంటే బాగుండేది.

22 నవంబరు, గురువారం.

7-10. కల్యాణి నిలబడింది! నాలుగు కాళ్ల మీదా. మూడు తెలుపు, ఒకటి ఎరుపు. సున్నం వెయ్యను.

ముంత కొట్టుగదిలో బోర్లించి ఉంది.

30 నవంబరు, శుక్రవారం. పోలి పాడ్యమి.

టైము తెలియదు. ఆడవాళ్లు కాలవలో అరటిదొప్పల దీపాలు వదిలి ఇళ్లకి వస్తున్నారు, కాబట్టి ఆరు అయి ఉంటుంది. తాతగారి జేబు గడియారం నిన్న రాజోలులో అమ్మేశాను. ఆ డబ్బు ముంతలో వేసి నిలబెట్టాను. ఇకమీదట ఈ డైరీలో టైములుండవు.

మా ఆవిడ ముంత చూసింది. "మిషనుకి ఇంకా సగం కావాలండి" అంది. పన్నెండు రోజుల తరవాత నాతో మొదటి మాట.

"సంపాదిస్తాను."

"ఎలాగండీ?"

"పొదుపు చేసి."

నవ్విందో లేదో, ముసుగు అడ్డమొచ్చింది.

పొద్దెక్కింది. ఆలోచించాను. గుర్రం ఆవిడది. అంతర్వేది తీర్థం ఆవిడెప్పుడూ చూడలేదు. ఆవిడని ఎక్కించి నేను తోలాలంటే గూడు బండి కావాలి. గుర్రబ్బండి కొనాలంటే బోలెడు. కానీ పెరట్లో పడిపోయిన కొబ్బరిచెట్లు రెండున్నాయి! ఇరుసు, చక్రాలు అందులోంచే. గూటికి కొబ్బరాకు తడక. (కల్యాణికి అందనంత ఎత్తులో.) పరుపు పీచుది. బజారు నుంచి మేకు కూడా కొనకూడదు. రేపటి నుంచే మొదలు! కొత్త పుస్తకం కూడా కుట్టాను. పేరు తరవాత.

నియమాలు తలుపు దగ్గర చదివి వినిపించాను.

"ఆయ్, అలాగేనండి" అంది మా ఆవిడ.

కాసేపటికి పెరట్లోంచి గొంతు తగ్గించి అంటోంది: "సలోమీ, రేపు నెయ్యి అమ్మేక నూకరాజుని చూడు. పాత జట్కా చక్రాలేమైనా ఉన్నాయేమో అడుగు. మేకులు కూడా తీసుకురా."

నాకు వినపడలేదు. వినపడలేదనే ఇక్కడ రాసుకుంటున్నాను.